సముద్రానికి మూడు కొటేషన్లు

రాజమండ్రిలో తాటాకు ఉత్పత్తుల ప్రమాణాల మండలి అని ఒక సంస్థ ఉంది. లేదని వాదించేవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు గానీ, ఉంది. రాష్ట్రంలో ఏ మూల ఎవరు తాటాకు విసనకర్ర చేసినా, బుట్ట అల్లినా, అది ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో చూసి ముద్ర వెయ్యడం దాని పని. ప్లాస్టిక్ వచ్చాక బుట్టలల్లేవాళ్ళు తగ్గిపోయారు. మండలిలో మనుషులు మాత్రం తగ్గలేదు. అల్లేవాళ్ళు తగ్గేకొద్దీ, ఎందుకు తగ్గుతున్నారో కనుక్కునేవాళ్ళు పెరిగారు.

ఆ మండలిలో హైమావతి సూపరింటెండెంటు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆవిడ మీద ఒక్క మెమో లేదు. రూల్సు పుస్తకం ఆవిడకి నోటికొచ్చు. ఆఫీసు అలవాటు ఆవిడ ఒంట్లోకి ఎంతగా దిగిపోయిందంటే, పొద్దున్నే మొగుడికి చీటీ రాసిపెట్టినా "కూర వండి ఉన్నది. జతపరచినవి: చారు, అప్పడాలు" అని రాస్తుంది. ఆయన కూడా కింద సంతకం పెట్టి అప్పడాలు తింటాడు.

ఆవిడ సెక్షన్లోనే టైపిస్టు ఎస్తేరు రాణి, వచ్చిన కాగితాలకి నంబర్లు వేసే జుబేదా, సీనియర్ అసిస్టెంటు మంగతాయారు. ఇరవై రెండేళ్ళుగా ఈ నలుగురూ ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకుంటున్నారు. ఏటా ఒకసారి "ఈసారి మనం నలుగురం ఎటైనా వెళ్ళాలే" అనుకుంటారు. ఒక ఏడు ఒకరికి పురుడొచ్చింది, ఒక ఏడు ఎన్నికల డ్యూటీ వచ్చింది, ఒక ఏడు తుఫానొచ్చింది. ఇప్పుడు మంగతాయారుకి రిటైర్మెంటు వచ్చింది. జనవరి ముప్పై ఒకటి ఆఖరు రోజు. ఒకటో తారీకు రైలుకి బళ్ళారిలో చెల్లెలి దగ్గరికి పోయి, ఇంక అక్కడే ఉండిపోతుంది.

జనవరి రెండో తారీకు మధ్యాహ్నం ఎస్తేరు పెరుగన్నం కలుపుతూ సంగతి తేల్చేసింది. "ఇంకా ఎప్పుడే వెళ్ళేది? నెల కూడా లేదు. మా తమ్ముడి వ్యానుంది. డీజిలు మనం పోయించుకుంటే చాలు. మూడు రోజులు సెలవు పెట్టేద్దాం."

ప్రణాళిక అక్కడికక్కడే తయారైంది. ముందు అన్నవరం, ఆకు పొట్లంలో వేడి ప్రసాదం. అక్కణ్ణించి అనకాపల్లి, బెల్లం వండేచోట చెరుకుగడ పాకంలో ముంచుకుని నాకడం. రాత్రికి ఎస్తేరు పిన్ని ఇల్లు, కాబట్టి గది అద్దె లేదు. మర్నాడు భీమిలిలో సముద్రం, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. మూడో రోజు విజయనగరం కోట గోడ నీడలో పులిహోర తిని వెనక్కి. మనిషికి తొమ్మిది వందల్లో అయిపోతుందని జుబేదా లెక్క చెప్పింది.

"నాకు మిగతావి లేకపోయినా పర్లేదే," అంది మంగతాయారు. "ఒక్కసారి సముద్రంలో కాళ్ళు పెట్టి రావాలి. మీరు ముగ్గురూ పక్కనుండాలి. ఒక్కదాన్నే అయితే నాకు భయం."

గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి, ఆ గోదావరి వెళ్ళి కలిసే సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడలేదు. పెళ్ళయిన దగ్గర్నించి మంచాన పడ్డ అత్తగారు, ఆవిడ పోయాక మంచాన పడ్డ మొగుడు. ఆయన కూడా పోయి రెండేళ్ళయింది. ఇవన్నీ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మిగతా ముగ్గురూ ఎప్పుడూ అడగలేదు, కానీ అందరికీ తెలుసు.

హైమావతి నలుగురి తరఫునా సెలవు చీటీ రాసింది. అక్కడే కొంప మునిగింది. అలవాటు కొద్దీ చీటీ అడుగున "జతపరచినది: ప్రయాణ ప్రణాళిక, ఒక పుట" అని రాసి, ఆ పుటని వెనకాల గుండుసూదితో గుచ్చింది. జుబేదా అలవాటు కొద్దీ దానికి ముద్ర కొట్టి నంబరు వేసింది. నంబరు పడని కాగితాన్ని పారేసుకోవచ్చు, మడిచి మరమరాలు పోసుకోవచ్చు. నంబరు పడ్డదాన్ని మాత్రం తేల్చి తీరాలి.

ఆ వారమే డైరెక్టరు ప్రభంజనరావుగారు రాజధానిలో "కార్యాలయంలో ఆనందం" అనే అంశం మీద మూడు రోజుల శిక్షణ పొంది తిరిగొచ్చారు. శిక్షణలో ఆయనకి ఒక నవ్వు మొహం బొమ్మ ఉన్న సంచీ ఇచ్చారు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఎదురుగా సెలవు చీటీ పెట్టుకుని, హైమావతిని పిలిపించారు.

"మీ ప్రతిపాదనను మండలి సానుకూల దృక్పథంతో పరిశీలిస్తోంది," అన్నారు.

"ప్రతిపాదన కాదండి. సెలవు చీటీ అండి."

"హైమావతిగారూ, ఇన్నాళ్ళూ మనం ఆనందాన్ని అసంఘటిత రంగంలో వదిలేశాం. ఎవరికి తోచినట్టు వారు, ఎక్కడ పడితే అక్కడ, ఎంత పడితే అంత ఆనందిస్తున్నారు. దీనికి కనిష్ఠ ప్రమాణం లేదు. గరిష్ఠ పరిమితి లేదు. మీ యాత్రను ప్రయోగాత్మక ప్రాతిపదికన మండలే చేపడుతుంది. పేరు 'సరసమైన సామూహిక ఉల్లాస యాత్ర.' జీపు మండలిది, డీజిలు మండలిది."

"మా వ్యాను మేం మాట్లాడుకున్నామండి. సెలవొక్కటి ఇప్పిస్తే చాలండి."

"సెలవు ఈ ఫైలుకు అంతర్భాగం అయిపోయింది. ఫైలు తేలగానే సెలవు తేలుతుంది."

హైమావతి బయటికొచ్చి చెబితే ఎస్తేరు సంబరపడింది. ధర్మానికిచ్చిన ఆవుకి పళ్ళు చూడకూడదంది. ఆ ఆవు పొడుస్తుందో తన్నుతుందో చూసుకోవాలన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఫైలు అక్కణ్ణించి లెక్కల అధికారి కామేశంగారి దగ్గరికి వెళ్ళింది. కామేశంగారు మంచివారు. ఎవరి డబ్బూ ముట్టరు, ఎవర్నీ ముట్టనివ్వరు. గుండుసూదుల డబ్బా కొనాలన్నా ముగ్గురు వ్యాపారుల దగ్గర ధరలు రాయించి తక్కువ చెప్పినవాడి దగ్గరే కొనాలన్నది ఆయన జీవిత సూత్రం. ఆ మూడు ధరల కాగితాల్నే కొటేషన్లంటారు. ఆయన పెళ్ళిలో తాళిబొట్టుకి కూడా మూడు కొటేషన్లు పిలిచారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన కాదనలేదు.

ఆయన ప్రణాళికని అక్షరం అక్షరం చదివి, సముద్రం దగ్గర ఆగారు.

"ఇది ఒక్కటే కొటేషను కదమ్మా. బంగాళాఖాతం. మిగతా రెండేవి?"

"సముద్రానికి కొటేషనేంటండి?" అంది హైమావతి.

"సరసమైన యాత్ర అన్నాక సరసమైనదని రుజువుండాలి కదా. ఒకే సముద్రాన్ని ఎంపిక చేస్తే, పక్షపాతం చూపించారని రేపు ఆడిట్ వాళ్ళు అడుగుతారు. బంగాళాఖాతంతో మీకేమన్నా చుట్టరికం ఉందా అంటారు. ఏం చెబుతాను?"

"మనకి దగ్గర్లో ఉన్న సముద్రం అదొక్కటేనండి."

"అయితే ఆ ముక్క రాయించుకురండి. 'ఈ ప్రాంతమున వేరొక సముద్రము లేదు' అని సంబంధిత అధికారి ధ్రువీకరించాలి."

సంబంధిత అధికారి ఎవరో తెలుసుకోడానికి ఆరు రోజులు పట్టింది. రెవిన్యూ వాళ్ళు సముద్రం తమ పరిధిలో లేదన్నారు. ఇసుక దాకానే తమదిట. చేపల శాఖవాళ్ళు చేపల మటుకు ఉన్నాయని రాసిస్తామన్నారు. చివరికి ఎస్తేరు చర్చి దగ్గర ఒక హైస్కూలు సోషల్ మేష్టారిని పట్టుకుని, బడి ముద్రతో "సముద్రము ఒకటే" అని రాయించుకొచ్చింది. కామేశంగారు దాన్ని దీపం ముందు పట్టుకుని చూసి, సరే, సముద్రానికి బదులు నీరున్న వేరే స్థలాలు రెండు పోల్చి చూపమన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి, సామర్లకోట కాలువ వచ్చాయి. పోలిక పట్టికలో ఇలా రాశారు: "నీరు: మూడింటిలోనూ కలదు. అల: ఒకదానిలో కలదు. అల అత్యవసరమని ప్రణాళికలో ఎచ్చటనూ పేర్కొనలేదు. తక్కువ ధర: గోదావరి."

"గోదారి మేం రోజూ చూస్తామండి!" అంది హైమావతి.

"రోజూ చూస్తూ పైసా ఇవ్వట్లేదు కదా. అదే నేనూ అంటున్నాను," అన్నారు కామేశంగారు.

అలా అన్నవరం ప్రసాదానికీ, అనకాపల్లి పాకానికీ, కోట గోడ నీడకీ కూడా మూడేసి కొటేషన్లు నడిచాయి. నీడల్లో కోట నీడే ఖరీదని తేలింది, అక్కడిదాకా డీజిలవుతుంది గనక. ఇంతలో కామేశంగారికి ఒక మెరుపు మెరిసింది. యాత్ర వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ మండలికి ఒక శాఖా కార్యాలయం ఉంది. అక్కడ కూర్చుంటే ప్రవేశ రుసుము లేదు, పొత్తుల ఖర్చు లేదు. మంచినీళ్ళు కుండలో ఉంటాయి. ధర సున్నా.

"సున్నా కంటే తక్కువకి ఇచ్చేవాళ్ళెవరైనా ఉంటే పిలవండి," అన్నారాయన. ఎవరూ రాలేదు. కాబట్టి నాలుగు మజిలీల్లోనూ నాలుగు శాఖా కార్యాలయాలు నెగ్గాయి.

హైమావతి డైరెక్టరుగారి గదిలోకి పరిగెత్తింది. "అయ్యా, ఆఫీసునించి ఆఫీసుకి వెళ్ళడం విహారం ఎలాగవుతుందండి?"

ఆయన నవ్వు మొహం సంచీ మీద చెయ్యి వేశారు. "మీ ఆందోళన సహేతుకం. తిరస్కరించబడిన స్థలాలలో ఉల్లాసం ఎంత ఉన్నదో, అది ప్రమాణానికి ఎక్కువో తక్కువో క్షేత్రస్థాయిలో నిర్ధారించకుండా ముందుకు పోరాదు."

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. నిర్ధారణ కమిటీ ఏర్పడింది. డైరెక్టరుగారు అధ్యక్షులు, కామేశంగారు సభ్యులు, ఇంకో ఇద్దరు అధికారులు సాంకేతిక సభ్యులు. నలుగురూ మండలి జీపులో మూడు రోజులు క్షేత్రస్థాయికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నలుగురి ముక్కులూ ఎండకి ఊడుతున్నాయి. కామేశంగారి చెప్పుల్లోంచి ఇసుక రాలింది. డ్రైవరు సింహాచలం టీ తాగుతూ జుబేదాకి అంతా చెప్పాడు. "భీమిల్లో దిగేకా మరి లేవరండి బాబూ! డైరెక్టరుగారు పంట్లాం మడిచేసి అలలో గెంతేరు. కామేశంగారు పొత్తులు మూడు తిన్నారు. ఒక్కో బండి దగ్గిర ఒక్కోటి."

నివేదిక పదహారు పుటలు. సారాంశం ఇది: "సముద్ర తీరమున ఉల్లాసము ప్రమాణమునకు పలు రెట్లు మించి ఉన్నట్లు కమిటీ స్వయముగా గమనించినది. ఇట్టి మోతాదు అలవాటు లేని సిబ్బందికి హానికరము. శాఖా కార్యాలయములే క్షేమము."

యాత్ర ఇరవై తొమ్మిదిన బయల్దేరింది. జుబేదా ఆ ముందురోజే వద్దు పొమ్మంది. "మానేద్దాం హైమక్కా. ఆ ఆఫీసు కుర్చీలు ఇక్కడ లేవా?" అంది. మంగతాయారు ఒప్పుకోలేదు. "నలుగురం ఒక బండిలో వెళ్తాం కదే. అదైనా దక్కుతుంది," అంది. సముద్రం కోసమని కొనుక్కున్న నీలం చీర కట్టుకుని అందరికంటే ముందొచ్చి జీపులో కూర్చుంది.

నియమాలు ముద్రించి ఇచ్చారు. ఒక్కో మజిలీలో నలభై నిమిషాల ఉల్లాసం. మూడు నవ్వులు, అందులో ఒకటి పక్క గదికి వినిపించాలి. శాఖాధికారి చూసి ఉల్లాస రిజిస్టరులో రాసి, నలుగురి చేతా సంతకం పెట్టించుకోవాలి. లాగ్‌బుక్కులో రాసిన దారి తప్ప జీపు పక్కకి తిరగరాదు.

అన్నవరంలో శాఖా కార్యాలయం సైకిలు షాపు మేడ మీద ఉంది. నలుగురూ నాలుగు కుర్చీల్లో కూర్చుని నవ్వడానికి ప్రయత్నించారు. ఎస్తేరుకి ఏడుపొచ్చింది. అది దూరం నించి నవ్వులాగే వినిపించడంతో శాఖాధికారి ఒకటని రాసుకున్నాడు. అనకాపల్లిలో వెంటిలేటర్లోంచి బెల్లం వాసన గుప్పుమని వచ్చింది. నలుగురూ ముక్కులు పైకెత్తారు. అక్కడి అధికారి ప్రణాళిక చూసి, వాసన అందులో లేదని, స్టూలెక్కి వెంటిలేటరు మూశాడు. మంగతాయారు మాత్రం ప్రతిచోటా చెప్పినన్ని నవ్వులు నవ్వి, చెప్పినచోట సంతకం పెట్టింది. ఎవరిమీదా విసుక్కోలేదు. అది చూసినప్పుడల్లా హైమావతి మొహం తిప్పుకుంది. ఆ పుట తను గుచ్చకపోతే ఇదంతా లేదు.

ముప్పయ్యో తారీకు పదకొండు గంటలకి భీమిలి చేరారు. అక్కడి శాఖాధికారి అప్పలనర్సయ్య నెమ్మదైన మనిషి. కుండలో నీళ్ళు ఇచ్చి, కుర్చీలు తుడిచి వేశాడు. గదికి ఒకే కిటికీ. దానికి అడ్డంగా ఫైళ్ళ బీరువా ఉంది.

అందరూ కూర్చుని రెండు నవ్వులు రాయించుకున్నాక గోడ అవతల్నించి హోరుమని చప్పుడొచ్చి ఆగింది. మళ్ళీ వచ్చింది.

"అదేం చప్పుడండి?" అంది మంగతాయారు.

"సముద్రవమ్మా. ఇలా రెండొందలు అడుగులు. ఎప్పుడూ అలాగే గోల పెడతాది. ఫేను ఏస్తే ఇనబడదు." అప్పలనర్సయ్య మర్యాదకి లేచి ఫ్యాను వేశాడు.

మంగతాయారు బల్ల కింద చెప్పులు విప్పేసి, అరికాళ్ళు గచ్చుకి ఆనించి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఫ్యాను చప్పుడులోంచి వినడానికి మెడ కాస్త వంచింది.

హైమావతికి ముప్పై ఒక్క ఏళ్ళ కోపం ఒక్కసారి వచ్చింది. మండలి మీద కాదు, కామేశంగారి మీద కాదు, తన మీద తనకే. రెండొందల అడుగుల దూరంలో ఉన్నదాన్ని చూడ్డానికి ఈ మనిషి ఎవరి సంతకం కోసం కూర్చుంది? నేను ఎవరి సంతకం కోసం కూర్చోబెట్టాను?

"లేవండే," అంది.

"ఇంకా ముప్పై నిమిషాలుందమ్మా," అన్నాడు అప్పలనర్సయ్య కంగారుగా. "మూడో నవ్వు అవనేదు. అది పక్క గదికి ఇనబడాల."

"అది అక్కడికి వెళ్ళి నవ్వుతాం. వినిపిస్తే రాసుకోండి."

"హైమా, వద్దే. నీ సర్వీసులో ఒక్క మచ్చ లేదు," అంది మంగతాయారు.

"నువ్వు లేస్తావా, ఎత్తుకుపోమంటావా?"

జుబేదా అప్పటికే గుమ్మం దాటింది.

సముద్రాన్ని చూసి మంగతాయారు ఇసుకలో ఆగిపోయింది. "అమ్మో, ఇంతుందేంటే!" అంది. ముగ్గురూ చేతులు పట్టుకుని లాక్కెళ్ళారు. మొదటి అల కాళ్ళకి తగలగానే ఆవిడ పెట్టిన కేకకి వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాగేసింది. "ఒసేవ్, నేల జారిపోతోందే! పట్టుకోండే నన్ను!" అని అరిచింది. పట్టుకున్న ఎస్తేరు తనే పడింది, ఎస్తేరు మీద జుబేదా పడింది. ఇంక నవ్వులు ఎన్నో, ఏ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు.

అప్పలనర్సయ్య రిజిస్టరు చంకలో పెట్టుకుని పరుగున వచ్చి తడి ఇసుక ముందు ఆగిపోయాడు. అతని తరమూ కాలేదు. తొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నా పగటిపూట ఆ వైపు రాలేదుట. నిజాయితీపరుడు గనక చూసింది చూసినట్టు రాశాడు: "నవ్వులు: లెక్కకు అందలేదు. సమయము: రెండు గంటల పది నిమిషములు. స్థలము: సముద్రములో. సంతకములు: చేతులు తడిగా ఉన్నందున తీసుకొనలేదు."

ముప్పై ఒకటిన విజయనగరం మజిలీ ముగించుకుని వెనక్కి వచ్చాక, సాయంత్రం మంగతాయారుకి శాలువా కప్పారు. డైరెక్టరుగారు మండలి ప్రగతి గురించి మాట్లాడారు. ఒకటిన ముగ్గురూ స్టేషనుకి వెళ్ళి ఆవిణ్ణి బళ్ళారి రైలెక్కించి వచ్చారు. నాలుగో తారీకున ముగ్గురికీ మెమోలు వచ్చాయి. ఆమోదం లేని స్థలంలో, కొటేషన్లు లేకుండా, ప్రమాణం లేని ఉల్లాసం పొందినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలి. మంగతాయారు సర్వీసులో లేదు గనక ఆవిడకి ఇవ్వలేదు.

హైమావతి జవాబు నాలుగుసార్లు రాసి చింపింది. చివరికి "పొందిన మాట నిజమే" అని ఒక్క ముక్క రాసి ముగ్గురి చేతా సంతకాలు పెట్టించింది. ఆవిడకి ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. ముప్పై ఒక్క ఏళ్ళ తెల్ల కాగితం మీద సిరా పడింది. బాధ లేదని పైకి అంది గానీ, రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ సంగతి ఎస్తేరు ఫోనులో బళ్ళారికి చేరేసింది. వారం తిరక్కుండా డైరెక్టరుగారి పేర ఒక ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని చదివి, ఏం చెయ్యాలో తోచక, "పరిశీలించి నివేదించండి" అని రాసి హైమావతి బల్లకే పంపారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పబోతూ ఆవిడ దాన్ని తీసింది.

"అయ్యా, జనవరి 30న భీమిలి సముద్రంలో మోకాలి లోతు నీళ్ళలో మేము నలుగురం ఉన్నాము. మెమోలు ముగ్గురికే ఇచ్చినట్లు తెలిసింది. ఆ తేదీకి నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ముందు కేక పెట్టింది నేనే. అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా నేనే. కావున దయచేసి నాకు కూడా ఒక మెమో ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఇట్లు, మంగతాయారు."

"ఏంటక్కా? ఏం రాసింది?" అంది జుబేదా.

"పైకి చదువు, మేమూ వింటాం," అంది ఎస్తేరు.

హైమావతి కళ్ళజోడు సర్దుకుని "అయ్యా" అని మొదలుపెట్టి, అక్కడే ఆగి, ఉత్తరాన్ని జుబేదా చేతిలో పెట్టేసింది.